గాజు తొట్టిలో మత్స్యన్యాయం

తనకంటూ ఒక మూల పట్టుకుని, ఆ మూలకు వచ్చిన ప్రతి చేపనూ తరిమికొట్టే చేపకు తోడుగా దేన్ని ఉంచవచ్చు? అక్వేరియం దుకాణంలో ఈ ప్రశ్నకు జవాబు రెండు నిమిషాల్లో దొరుకుతుంది: దాని నోట్లో పట్టనంత పెద్దదైతే చాలు, అదే ఉష్ణోగ్రత ఉన్న నీళ్ళలో బతికేదైతే చాలు. పెంపకం వరకు అది తప్పు జవాబేమీ కాదు. కానీ ప్రశ్న అక్కడితో తీరదు. ఒక ప్రాణి స్వభావమే పక్క ప్రాణికి గండమైనప్పుడు, ఆ రెంటినీ ఒకే తొట్టిలో చేర్చినవాడికి పాపం అంటుతుందా, అంటితే ఎంత అన్నది దాని రెండో సగం. ఈ సగాన్ని తడిమినవారు గాజు తొట్లు పుట్టకముందే ఉన్నారు. వారిలో ఒకడు కరీంనగర్ నేల మీద కూర్చుని రాసినవాడు.

పెద్ద చేప చిన్న చేపను మింగే తీరును మన రాజనీతి మత్స్యన్యాయం అంది. దండం పట్టే రాజు లేని దేశం అలా తయారవుతుందని కౌటిల్యుడు అర్థశాస్త్రం మొదటి అధికరణంలోనే హెచ్చరించాడు. మహాభారత శాంతిపర్వంలోనూ, మనుస్మృతిలోనూ ఇదే పోలిక ఉంది. పదో శతాబ్దంలో సోమదేవసూరి అనే దిగంబర జైనాచార్యుడు తన నీతివాక్యామృతంలో దీన్ని మళ్ళీ ఎత్తుకున్నాడు. ఈయన వేములవాడ చాళుక్యుల ఆదరంలో ఉన్నవాడు. యశస్తిలక చంపువును 959లో గంగాధరలో పూర్తిచేశాడు. అది నేటి కరీంనగర్ జిల్లా గంగాధరేనని తెలంగాణ చరిత్రకారులు గుర్తించారు. లెంబులపాటకలో, అంటే వేములవాడలో, ఉన్న శుభధామ జినాలయం కోసం మూడో అరికేసరి ఈయనకు ఒక ఊరిని దానమిచ్చినట్టు 966 నాటి పర్భణి తామ్రశాసనం చెప్తుంది. చేపను ఐదు ఇంద్రియాల జీవిగా లెక్కగట్టిన మతం ఒకవైపు, చేపల నడతను అరాచకానికి గుర్తుగా వాడుకున్న రాజనీతి ఇంకోవైపు. రెండూ ఒకే మనిషి చేతిలో కలిశాయి.

రాజనీతిలో మత్స్యన్యాయం మనుషుల గురించిన మాట. చేపలు అక్కడ పోలిక కోసం వచ్చి పోతాయి. దాన్ని తిప్పి చేపలకే అన్వయిస్తే ఒక చిక్కు ఎదురవుతుంది. చేపల మధ్య దండం పట్టేవాడెవడు? చెరువులో ఎవడూ లేడు, అవసరమూ లేదు. తొట్టిలో మాత్రం ఒకడున్నాడు, గాజుకు ఇవతల.

చెరువులో అవసరం లేదనడం ఎందుకో తెలియాలంటే కొర్రమట్టను చూడాలి. తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించింది దీన్నే. పుస్తకాలు కొర్రమీను అంటాయి. పామును తలపించే తల, అడ్డపట్టెల ఒళ్ళు. మొప్పలతో పాటు గాలిని నేరుగా పీల్చుకునే అవయవం కూడా దీనికి ఉంది కాబట్టి, కుంట ఎండి బురద మిగిలినా కొంతకాలం బతుకుతుంది, వానపడితే తడినేల మీద పాకుతూ మరో నీటికి చేరుకుంటుంది. గుడ్లు పెట్టే కాలంలో నాచూ గడ్డీ తప్పించి కొంత నీటిని శుభ్రం చేసుకుంటుంది. గుడ్లకూ ఆ తర్వాత పిల్లలకూ తల్లిదండ్రులు కాపలా ఉంటాయి. ఎర్రటి పిల్లల గుంపు నీటిపై తేలుతుంటే దాని కింద పెద్ద చేప ఉన్నట్టే. అది అటు వచ్చిన కప్పనైనా చేపనైనా కొడుతుంది. వలగాడికి తల్లి జాడ చెప్పేదీ ఆ ఎర్రటి గుంపే. ఇంత మురిపెంగా పెంచిన పిల్లలు, కాస్త ఎదిగి ఆకలేస్తే, తమకంటే చిన్నవైన తోబుట్టువులను తినేస్తాయి. ప్రేమ, కాపలా, కబళింపు ఒకే ఒంట్లో ఉన్న జీవి ఇది. మంచిదనీ చెడ్డదనీ దీనికి పేరు పెట్టబోయినవారి మాట నిలవదు.

అయినా చెరువులో దీని హద్దు పక్కవాటికి ఉరి కాదు. హద్దు దాటిన చేప రెండు దెబ్బలు తిని వెనక్కి తిరిగితే కథ అయిపోతుంది. ప్రాణులకు హద్దులు ఉన్నదే పోట్లాట తగ్గించడానికి. ఎవరి చోటు ఏదో తెలిస్తే రోజూ కొట్టుకోనక్కర్లేదు. ఆదిలాబాద్ అడవుల్లో పులి నడత కూడా ఇదే చెప్తుంది. మహారాష్ట్రలోని తాడోబా, తిప్పేశ్వర్ అడవుల్లో చోటు దొరకని కుర్ర పులులు పెన్‌గంగ, ప్రాణహితలు దాటి 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్ వైపు నడిచి వస్తుంటాయి. ఓడిన పులికి నడక ఉంది. ఓడిన కొర్రమట్టకు వాగు ఉంది. ప్రకృతిలోని మత్స్యన్యాయానికి ఇంత దారుణమైన పేరు పెట్టినవారు ఆ పారిపోయే దారిని లెక్కలోకి తీసుకోలేదనిపిస్తుంది.

గాజు ఆ దారిని మూసేస్తుంది. నాలుగడుగుల తొట్టిలో బలమైన చేప తన హద్దు గీసుకుంటే ఆ హద్దు తొట్టి మొత్తం అవుతుంది. ఓడిపోయిన చేప ఎంత వెనక్కి తిరిగినా గెలిచినదాని కళ్ళ ముందే ఉంటుంది. లొంగిపోయానని రంగు తగ్గించుకుని, రెక్కలు ముడుచుకుని, ఫిల్టరు వెనక పైమూలకు చేరుతుంది. గెలిచిన చేపకు మాత్రం ఆ లొంగుబాటు అర్థం కాదు. లొంగినది వెళ్ళిపోవాలి కదా, ఇంకా ఇక్కడే ఎందుకుంది? కాబట్టి మళ్ళీ కొడుతుంది. నదిలో అరనిమిషంలో ముగిసే తగవు ఇక్కడ వారాలు సాగి, మేత అందక, భయంతో రోగం పట్టి చావడంతో తీరుతుంది. చంపింది చేపే కానీ, ఆ తగవును ముగియనివ్వనిది గాజు. గాజును పెట్టినవాడు మనిషి.

ఇక్కడే సోమదేవుడి మతం పనికొస్తుంది. తాను చేయడం, చేయించడం, చేస్తుంటే సరేననడం: హింసకు జైనులు ఈ మూడు వాకిళ్ళనూ చెప్పారు, యోగసూత్రాల్లోనూ ఇదే విభజన ఉంది. రెండు మగ ఫైటర్ చేపలను ఒక సీసాలో వేసినవాడు ఏ ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. అయినా రెండో వాకిలి గుండా లోపలికి వచ్చేశాడు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం హింసను కేవలం ప్రాణం తీయడంగా కాక, ఏమరుపాటుతో ప్రాణం తీయడంగా నిర్వచించింది. తెలుసుకోగలిగీ తెలుసుకోకపోవడం ఏమరుపాటే. చేప ఎంత పెరుగుతుందో, ఎలా మసలుతుందో కొనేముందు అడగకపోవడం ఈ లెక్కన చిన్న విషయం కాదు.

అదే గ్రంథం గృహస్థు అహింసావ్రతానికి ఐదు దోషాలు చెప్పింది: కట్టివేయడం, కొట్టడం, అవయవం తెంచడం, మోయలేని బరువు వేయడం, అన్నపానాలు అడ్డుకోవడం. ఎద్దులూ బానిసలూ ఉన్న ఇంటిని దృష్టిలో పెట్టుకుని రాసిన జాబితా అది. అయినా సరిపడని చేపలున్న తొట్టికి పూర్తిగా అమరుతుంది. కొట్టడం కనిపిస్తూనే ఉంటుంది. చిరిగిన రెక్కలు అవయవం తెంచడమే. కిక్కిరిసిన నీళ్ళలో పేరుకునే అమ్మోనియా మోయలేని బరువు. మేత వేసిన మూలను బలమైన చేప ఆక్రమిస్తే మిగతావాటికి అన్నం అడ్డుపడినట్టే. ఐదింటిలో నాలుగు పనులు చేప చేస్తుంది. మొదటిదైన కట్టివేత ఒక్కటే పూర్తిగా మనిషిది. అది లేకుంటే మిగతా నాలుగూ ఇంత దూరం రావు.

ఇక తోడు ఎంపికలోని పద్ధతులు. అనుభవజ్ఞులు మొదట చెప్పేది నీటిని అంతస్తులుగా చూడమని. అడుగున హద్దు గీసుకునే చేప ఉంటే పైపొరలో తిరిగేవాటిని ఎంచుకోవడం, పైన వేటాడేది ఉంటే రాళ్ళ కింద దూరే వాటిని చూడడం. తెలంగాణ చెరువుకు ఇది కొత్త సంగతి కాదు. బొచ్చె పైపొరలో, రవ్వ నడుమ, మ్రిగాల అడుగున మేస్తాయి కాబట్టే మూడింటి పిల్లలనూ ఒకే చెరువులో కలిపి వదులుతారు. ఎవరి కంచం వారిది. సహజీవనానికి ఇంత చక్కని నమూనా దొరకదని మురిసేలోపు దాని ముందుమాట కూడా చదవాలి. పిల్లలను వదలడానికి ముందు కొర్రమట్ట, వాలుగ, జెల్లలను చెరువులోంచి తీసేయాలి. నీళ్ళు పూర్తిగా తోడలేనిచోట పెంపకం నిపుణులు చెప్పే మందు ఇప్పచెక్క, హెక్టారుకు 2,500 కిలోలు. అందులోని సాపోనిన్ అక్కడున్న చేపలను చంపి, రెండు మూడు వారాలలో విరిగిపోతుంది. ఆదిలాబాద్ గోండులకు పువ్వూ నూనే ఇచ్చే, వారు పూజించే చెట్టే ఇప్ప. దాని గింజ నుంచి వచ్చిన చెక్కతోనే ఈ ఏరివేత. ఇమిడే చేపలను ఎంచుకోవడం అంటే ఇమడనివాటిని ముందే పక్కకు తప్పించడం. చెరువులో అది చావు, తొట్టిలో అది కొనకపోవడం. ఈ విషయంలో తొట్టివాడిది సులువైన ధర్మసంకటం. కొనకుండా ఉండడానికి ఏ ఇప్పచెక్కా అక్కర్లేదు.

రెండో పద్ధతి ఆలోచనకు ఎక్కువ పని పెడుతుంది. ఆఫ్రికాలోని మలావీ సరస్సు రాళ్ళ మధ్య బతికే సిచ్లిడ్ చేపలు ఒకదాన్నొకటి ఓర్చుకోవు. రెండు మూడే ఉంటే బలహీనమైనది చస్తుంది. అందుకని పెంచేవారు కావాలనే ఎక్కువ చేపలను వేస్తారు. అప్పుడు తరిమేదానికి ఒక్క గురి అంటూ నిలవదు, దెబ్బలు అందరికీ తలా కొంచెం పడతాయి, ఎవరూ చావరు. ఫిల్టరు బలంగా ఉండి నీళ్ళు తరచూ మారిస్తే ఇది నిజంగానే పనిచేస్తుంది. పని చేసినంత మాత్రాన న్యాయమవుతుందా? ఒక్కడు మోసే బాధను ఇరవై మందికి పంచడం బాధను తగ్గించడమా, కనిపించకుండా చేయడమా? చావును లెక్కిస్తే ఇది మేలు. భయాన్ని లెక్కిస్తే అంత తేలిగ్గా చెప్పలేం. ఒకే నేరానికి ఊరంతటికీ జరిమానా వేసిన పాలకుడు తన దేశంలో శాంతి ఉందని చెప్పుకోగలడు. నీతివాక్యామృతం రాసినవాడు దాన్ని దండనీతిగా ఒప్పుకునేవాడు కాదేమో.

బెదిరే పెద్ద చేప ధైర్యంగా బయట తిరగాలని చురుకైన చిన్నచేపల గుంపును తోడుగా వేయడం ఇంకో పద్ధతి. గుంపు నిశ్చింతగా ఈదుతుంటే ప్రమాదం లేదని పెద్ద చేప నమ్ముతుంది. ఆ చిన్నవి బతికినంతకాలం ఇందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. కానీ వాటిలో రోజుకొకటి తగ్గిపోతూ, యజమాని వారం వారం కొత్తవి తెచ్చి పోస్తుంటే వాటి పేరు తోడు కాదు, మేత. మేతగా బతికున్న గప్పీలను వేసేవారికీ ఇదే వర్తిస్తుంది. శ్రావకాచారాలనే జైన గ్రంథాలు గృహస్థుకు వద్దన్న పదిహేను జీవనోపాధుల్లో హింసించే జంతువులను పోషించడం ఒకటి. ఆ నిషేధం పిల్లులూ కుక్కల గురించి చెప్పింది. మాంసభక్షక చేప దాని పరిధిలోకి రాదనడానికి కారణం కనిపించదు. మృగశిర కార్తె నాడు చేప తినని ఇల్లు అరుదైన ఈ ప్రాంతంలో ఇదంతా అతి అనిపించవచ్చు. తినేవాడికీ పెంచేవాడికీ ఒక తేడా ఉంది. కొర్రమట్ట పులుసు వండుకున్నవాడు ఒక చావుకు జవాబుదారీ. తొట్టి పెట్టినవాడు ఒక బతుకు మొత్తానికి.

మరి తరిమే చేప తప్పేమీ లేదా? వేదాంతులు పశుపక్ష్యాదుల జన్మను భోగయోని అన్నారు. అవి పాత కర్మను అనుభవిస్తాయే కానీ కొత్తది మూటగట్టుకోవు. ఆ చూపులో కొర్రమట్ట నిర్దోషి. జైనులు ఇంత సులువుగా వదలలేదు. మనసున్న ఐదింద్రియాల తిర్యక్ జీవి గృహస్థు స్థాయి వ్రతాలను కూడా పట్టగలదని వారి సిద్ధాంతం. అంటే చేపకు పతనమూ ఉంది, ఉన్నతీ ఉంది. వారు చెప్పే తండులమత్స్యం కథ అటువంటిదే. మహాసముద్రంలో ఒక పెనుచేప నోరు తెరిచి నిద్రపోతుంటే చేపలు లోపలికి వెళ్ళి బయటికి వస్తుంటాయి. దాని చెవిలో బియ్యపుగింజంత చేప ఒకటి ఉంటుంది. తనకే అంత నోరుంటే ఒక్కదాన్నీ వదలకపోదునే అని అది లోలోపల కొట్టుకుంటుంది. ఒక్క చేపనైనా తినకుండానే అది ఏడో నరకానికి పోయింది. సరిపడే తోడు అని చెప్పుకునే మాటలో పరిమాణానికి ఇచ్చే విలువను ఈ కథ చెరిపేస్తుంది. చేపలకు దీన్ని అన్వయించడం కష్టమే. తొట్టి ముందు కుర్చీ వేసుకుని పోట్లాట చూసి సంబరపడేవాడికి మాత్రం తేలిగ్గా అన్వయిస్తుంది. చెవిలో కూర్చున్న ఆ చిన్నచేప చోటు వాడిది.

యశస్తిలకంలోని అసలు కథ ఇంకా దగ్గరకు వస్తుంది. యశోధర మహారాజూ తల్లీ పిండితో చేసిన కోడిని బలి ఇస్తారు. ప్రాణం లేని బొమ్మే అయినా చంపాలన్న తలపు నిజమైనది కాబట్టి జన్మజన్మలు జంతువులై పుడతారు. ఒక జన్మలో కొడుకు సిప్రానదిలో చేప, తల్లి అదే నదిలో మొసలి. ఒకే నీటిలో తల్లీకొడుకులు వేటగత్తె, వేటగా ఎదురుపడతారు, ఒకరికొకరు తెలియకుండా. పునర్జన్మను నమ్మేవారికి ఏ రెండు చేపల మధ్యా పరాయితనం లేదు. నమ్మనివారికి కూడా ఈ కథ ఒకటి చెప్పగలదు: ఎవరి పక్కన ఎవరుండాలో ఆ ఇద్దరూ ఎంచుకోలేదు.

ఈ మధ్య పట్టణాల ఇళ్ళలో, దుకాణాల గల్లాపెట్టె పక్కన కనిపించే ఫ్లవర్‌హార్న్ విషయంలో మతం వేరే దారిన వచ్చింది. ఇది ఏ నదిలోనూ పుట్టలేదు; మధ్య అమెరికా సిచ్లిడ్లను కలిపి 1990లలో మలేసియాలో తయారుచేసిన సంకరం. నుదుట పెద్ద బొడిపె, ఒంటిమీద అక్షరాల్లాంటి మచ్చలు. చైనా ఫెంగ్‌షుయ్ మీదుగా వాస్తులోకి వచ్చి అదృష్టపు చేప అయింది. అడుగు పొడవు పెరిగే ఈ చేపకు గాజు మీద కనిపించే తన నీడ కూడా శత్రువే. తొట్టిలో మరో చేప నిలవడం అరుదు. కాబట్టి దీనికి సరైన తోడు ఏదంటే ఏదీ లేదన్నదే నిజాయితీ గల జవాబు. ఒంటరితనం శిక్ష అనుకోవడం గుంపు ప్రాణి అయిన మనిషి పొరపాటు. హద్దు గీసుకునే చేపకు పక్కన ఎవరూ లేకపోవడమే సుఖం. దీనికి తోడు ఒక నమ్మకం ఉంది: ఇంటికి రావలసిన కీడును ఈ చేప తనమీద వేసుకుని చనిపోతుందని. వినడానికి త్యాగంలా ఉంటుంది. నీళ్ళు మార్చక పేరుకున్న విషంతో చచ్చినా, సరిపడని తోడుతో గాయపడి చచ్చినా ఆ చావు యజమాని లెక్కలో పడకుండా అదృష్టం ఖాతాలోకి వెళ్ళిపోతుంది. ఏమరుపాటునే హింస అన్న మతానికి చెందినవాడు పుస్తకం రాసిన నేలమీద ఈ నమ్మకం ఇంత హాయిగా తిరగడం విడ్డూరం.

చేపను చేతిలోకి తీసుకున్నవాడి బాధ్యతకు అన్నిటికంటే పాత కథ శతపథ బ్రాహ్మణంలోది. చేతులు కడుక్కునే నీళ్ళలో మనువుకు ఒక చిన్న చేప దొరుకుతుంది. చేపలు చేపలను మింగుతాయి కాబట్టి తనను కాపాడమని అడుగుతుంది. మొదట కుండలో పెట్టమంటుంది, పట్టనంత పెరిగితే గుంట తవ్వి అందులో, చివరికి సముద్రంలో వదలమంటుంది. మత్స్యావతార కథకు మూలం ఇదే. పోతన భాగవతం ఎనిమిదో స్కంధంలో సత్యవ్రతుడి కథగా తెలుగువారికి తెలిసిందీ ఇదే. ప్రళయం, ఓడ ఉన్నాయి కాబట్టి ముందున్న ఈ కుండల సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కానీ మనువు చేసిన పని మూడు ముక్కల్లో ఉంది: దాన్ని ఒంటరిగా ఉంచాడు, పెరిగినప్పుడల్లా చోటు మార్చాడు, కుండలోనే చచ్చేదాకా ఉంచలేదు. ఒక్క తేడా కూడా ఉంది. మనువు చేప తనను పెంచమని అడిగింది. దుకాణంలో చేప అడగదు.

చివరి మజిలీ అయిన ఆ విడుదల నేడు అంత తేలిక కాదు. సోమదేవుడే చెప్పిన మృగసేనుడు అనే జాలరి కథలో, వలలో పడిన మొదటి చేపను వదిలేస్తానని వాడు ఒక ముని దగ్గర మాట ఇస్తాడు. పడినదాన్ని గుర్తు కట్టి వదిలితే అదే చేప ఐదుసార్లు వలలో పడుతుంది, ఐదుసార్లూ వదిలి ఉత్త చేతులతో ఇంటికి పోతాడు. ఆ పుణ్యం మరుజన్మలో వాణ్ణి ఐదుసార్లు చావు నుంచి కాపాడింది. వాడు వదిలిన చేప మాత్రం తాను పుట్టిన నీళ్ళలోకే వెళ్ళింది. తొట్టిలో ఇమడని ఫ్లవర్‌హార్న్‌నో, తొట్టి శుభ్రం చేస్తుందని కొన్న సక్కర్ చేపనో మానేరు జలాశయంలో జారవిడిచేవాడు మృగసేనుడు కాడు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన సక్కర్ చేపను తెలుగు జాలర్లు దెయ్యం చేప అంటున్నారు. ముళ్ళ పెంకుతో వలలు చించుతుంది, ఇక్కడి చేపల మేత తింటుంది. గాజు తొట్టిలో ఒక చేపకు తప్పిన మత్స్యన్యాయం అలా చెరువంతటికీ చుట్టుకుంటుంది. అందువల్ల పెంచలేనివాడికి మిగిలేవి రెండే దారులు: దుకాణానికి తిరిగి ఇవ్వడం, లేదా వేరే తొట్టి తెచ్చి దానికి అదే తోడుగా చివరిదాకా ఉంచడం. బాగా చూసుకుంటే ఫ్లవర్‌హార్న్ పదేళ్ళ దాకా బతుకుతుంది.